పథ్యం విడిచిన వారం

మా అమ్మ వంట గురించి వారానికి ఒక్కసారే ఆలోచించేది. మిగతా రోజుల్లో ఆలోచించే తీరిక తనకు లేదని ఆమె నమ్మకం. ఆదివారం మధ్యాహ్నం అందరం తిన్నాక గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, తమలపాకు నములుతూ, వచ్చే వారమంతా ఏ పూట ఏం వండుతుందో పైకే చెప్పేది. ఎవర్నీ అడిగేది కాదు. సోమవారం, శనివారం మా ఇంట్లో నీసు ముట్టరు. శనివారం పెద్దవాళ్ళకు ఒక్కపొద్దు, పగలంతా ఉపవాసం ఉండి సాయంత్రం ఒక్కపూట తింటారు. ఆదివారం మాంసం కూర. వాటి మధ్యలో పప్పు ఏనాడో, మేం పుంటికూర అనే గోంగూర ఏనాడో, పచ్చిపులుసుతో సరిపెట్టేది ఏనాడో ఆ మధ్యాహ్నమే తేలిపోవాలి.

మాది కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. బాపు మగ్గం మీద ఉంటే అమ్మ రాట్నం దగ్గర ఉండేది. ఆమె చేతిలో నూలు కండెకు చుట్టుకుంటేనే ఆయన చేతిలో మగ్గం ఆడుతుంది. పొయ్యి దగ్గరికి వెళ్ళి ఇవాళ ఏం వండుదామా అని నిలబడితే అక్కడ పని ఆగిపోతుంది. ఈ సంగతి బాపుకూ తెలుసు, అయినా వేళాకోళం మానేవాడు కాదు.

"మీ అమ్మ వారానికి పడుగు పోసింది బిడ్డా. ఇగ మనం పేకలెక్క అటిటు ఉరుకుడే," అనేవాడు నాతో.

అమ్మకు ఆ మాట నచ్చేది. పడుగు పోశాక రంగు మార్చకూడదని తనూ అనేది. చెప్పిన కూర మార్చాల్సి వస్తే మాత్రం ఆమె ముఖం చూడలేకపోయేవాళ్ళం. చుట్టాలు ఊడిపడితే పులుసులో నీళ్ళు పెరిగేవి గానీ పులుసు మారేది కాదు. ఒకసారి పుంటికూర వండాల్సిన రోజున అంగట్లో పుంటికూర దొరకలేదు. ఆ రోజంతా అంగడి మీద అలిగి మాకు తొక్కు మెతుకులు పెట్టింది. నా మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే నేను ఈ పుంటికూర సంగతే చెబుతాను.

డెబ్బైల చివర్లో ఒక వానాకాలం బాపుకు కళ్ళు పచ్చబడ్డాయి. చలికాలం వచ్చేసరికి కాళ్ళు వాచాయి, కడుపులో నీరు చేరింది. కాలేయం చెడిందని పెద్ద దవాఖానలో చెప్పారు. మందులు రాశారు. ఉప్పు ముట్టొద్దన్నారు, నూనె, మాంసం వద్దన్నారు. బాపు మగ్గం దిగి నులక మంచం ఎక్కాడు. అమ్మ వేరేవాళ్ళ మగ్గాలకు కండెలు చుట్టడం మొదలుపెట్టింది. అప్పటికి పెద్దపిల్లని నేను, పెళ్ళీడుకు వచ్చాను. నా తర్వాత తమ్ముడు, చివర చెల్లె.

మా ఇంటి పద్ధతి ఒకటుంది. ఒకరికి పథ్యమైతే ఇంటిల్లిపాదికీ పథ్యమే. రోగి ముందర తాళింపు చిటపటలు వినిపించకూడదు, పక్కవాడి కంచంలో ఎర్రటి కూర కనిపించకూడదు. మా నానమ్మ బతికున్నప్పటి నుంచీ అంతే. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే నాతోపాటు అందరూ బార్లీ నీళ్ళు తాగినవాళ్ళే. కానీ అవి నాలుగు రోజుల జ్వరాలు. బాపు పథ్యానికి అంతు కనిపించలేదు. అమ్మ ఉప్పు కుండను, ఆవకాయ జాడీని, ఎండుమిరపకాయల మూటను అటక మీదికి ఎక్కించింది. మేమందరం ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని సొరకాయ, ఉప్పు లేని బీరకాయ తిన్నాం.

"ఆయిన సప్పటి మెతుకులు తింటాంటే, పక్కన కూసోని కారం కూర ఎట్ల మింగుతరే మీరు?" అని అమ్మ మమ్మల్ని గద్దించేది.

చెల్లె, తమ్ముడు పక్కింటి పెద్దమ్మ దగ్గరికి పోయి తొక్కు నాకి వచ్చేవాళ్ళు. నేను పోయేదాన్ని కాదు, అదీ మంచితనం కాదు, పౌరుషం. బాపుకు అన్నీ తెలుసు. చెల్లెను దగ్గరికి పిలిచి చేతులు వాసన చూసి నవ్వేవాడు. కానీ అమ్మతో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ నవ్వు ఉండేది కాదు. "నా రోగం నన్ను అనుభవించనియ్యి. పిల్లలను ఎందుకు ఎండబెడతానవ్? వాళ్ళు కడుపుకు తినంగ చూస్తే నాకు నిమ్మలముంటది," అనేవాడు. అమ్మ వినేది కాదు. ఈ పథ్యం అందరం కలిసి మోస్తే తొందరగా దిగుతుందని ఆమె ఎక్కడో గట్టిగా అనుకుంది.

వేసవి ముదరక ముందు ఒక సోమవారం బాపును రిక్షాలో దవాఖానకు నేనే తీసుకుపోయాను. డాక్టరు ఆయన పొట్ట మీద చెయ్యి వేసి చూసి, కాగితాలు చూసి, మందుల్లో చాలామటుకు కొట్టేశాడు.

"ఇక పథ్యం అవసరం లేదు. ఆయనకు ఏం తినాలనిపిస్తే అది పెట్టండి," అన్నాడు.

నా గుండె తేలికైంది. లేచి నిలబడ్డాను కూడా. బాపు లేవలేదు.

"అంటే సారూ, ఇగ అయిపోయినట్టేనా?" అని అడిగాడు, బజారులో నూలు అయిపోయిందా అని అడిగినంత మామూలుగా.

డాక్టరు కలం కింద పెట్టాడు. మందులు పనిచేసే స్థితి దాటిపోయిందని, ఇక ఎక్కువ రోజులు లేవని మెల్లగా చెప్పాడు. ఆ మనిషిని నేను తప్పుపట్టను. అడిగినదానికి జవాబు చెప్పాడు.

తిరుగు దారిలో రిక్షా ఎగుడుదిగుళ్ళలో ఊగుతుంటే బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీ అమ్మకు పత్తెం ఇడిసిండ్రని చెప్పు. అంతే చెప్పు."

"అబద్ధం చెప్పాల్నా?"

"అబద్ధమేముంది? పత్తెం ఇడవమన్నది నిజమే గదా."

"నాతోటి కాదు బాపూ."

"ఒక్క వారం బిడ్డా. దాని మొఖాన నవ్వు చూడక ఎన్నాళ్ళాయె. ఒక్క వారం మంచిగ వండుకోనియ్యి."

నాకు ఆ క్షణంలో బాపు మీద కోపం వచ్చింది. పోయే మనిషి మీద కోపం తెచ్చుకోకూడదని నాకెవరూ నేర్పలేదు. అయినా ఇల్లు చేరాక, పథ్యం విడవమన్నారని అమ్మకు ఆయన చెప్పమన్నట్టే చెప్పాను.

మా వాడకట్టులో రోగం పోయినవాళ్ళకే పథ్యం విడిపిస్తారు. పసరు మందులిచ్చే వైద్యులు కూడా అంతే చేస్తారు. అందుకని మా అమ్మ ఇంకేమీ అడగలేదు. "ఇడిసిండ్రా? నిజంగనా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, నన్ను పిలవకుండానే అటక ఎక్కి ఉప్పు కుండ దించింది. దుమ్ము కొట్టుకుపోయిన ముఖంతో కుండ పట్టుకుని నవ్వుతూ నిలబడింది. వాడకట్టు ఆడవాళ్ళు వచ్చారు. గండం గడిచిందన్నారు, ఆమె నోముల ఫలమన్నారు. పక్కింటి పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను బాపు ముఖం చూడకుండా ఇంటి వెనక్కి పోయి గిన్నెలు తోమాను. తోమినవే మళ్ళీ తోమాను.

ఆ సాయంత్రం అమ్మ ఆదివారం కాకపోయినా గోడకు ఆనుకుని కూర్చుంది. వారం మొదలయ్యాక మళ్ళీ వారం కట్టడం అదే మొదటిసారి. ఎవర్నైనా అడగడమూ అదే మొదటిసారి.

"చెప్పు, ఏం తింటవ్? సిగ్గుపడకు," అంది బాపుతో.

బాపు కొత్త అల్లుడిలా నవ్వి ఒక్కొక్కటే చెప్పాడు. ఇవాళ పచ్చిపులుసు. రేపు సర్వపిండి. బుధవారం బోటి కూర. గురువారం చింతచిగురు పప్పు. శుక్రవారం శనగపప్పేసి పుంటికూర. శనివారం ఒక్కపొద్దు విడిచాక పరమాన్నం. ఆదివారానికి ఊరకోడి. ఆ కోడి కోసం నెక్కొండ దగ్గరి ఊళ్ళో ఉన్న మా మేనమామకు అప్పుడే కబురు పెట్టింది అమ్మ. ఆమె గొంతులో ఆ సంబరం వింటుంటే బాపు ఎందుకడిగాడో నాకు అర్థమైంది. అర్థమైనా కోపం తగ్గలేదు.

పచ్చిపులుసులో అమ్మ సంతోషం కొద్దీ ఉప్పు ఎక్కువ వేసింది. చెల్లె, తమ్ముడు గిన్నె ఎత్తి తాగారు. బాపు నాలుగు ముద్దలు తిని, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, కారం అలవాటు తప్పిందన్నాడు. మంగళవారం సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, మిరపకాయలు కలిపి గిన్నె అడుగున మందంగా అద్ది ఎర్రగా కాల్చింది. బాపు ఒక ముక్క తుంచి చాలాసేపు నమిలాడు. అమ్మ అటు తిరగగానే మిగిలింది నా కంచంలో వేశాడు. కాసేపటికి గోడ వెనక్కి పోయి, తిన్న ఆ ముక్కా కక్కేశాడు. నేను చెంబుతో నీళ్ళు పోసి కడిగేశాను.

"మీ అమ్మ చూసిందా?"

"చూడలే."

"అయితే మస్తుగున్నదన్నడని చెప్పు."

చెప్పాను. అమ్మ పొంగిపోయి ఇంకో సర్వపిండి కాల్చింది.

బుధవారం బోటి వాసనకే ఆయనకు తల తిరిగింది. ఎండగా ఉంది, చల్లబడ్డాక తింటానన్నాడు. చల్లబడ్డాక, కడుపు నిండుగా ఉందన్నాడు. కూర మేం తిన్నాం. అప్పుడు అమ్మ ఎప్పుడూ చేయని పని చేసింది. చెప్పిన వారాన్ని తనే మార్చింది. బోటి బరువైపోయింది గనక రాత్రికే చింతచిగురు పప్పు పెడతానంది. అదీ ముట్టకపోతే గురువారం పొద్దున్నే పుంటికూరకు అంగడికి పోయింది. మధ్యాహ్నం దాన్నీ పక్కన పెట్టి పెసరపప్పు పులగం చేసింది. రోజుల్ని ఇటు అటు జరుపుతూ, దేనికైనా ఆయన చెయ్యి కదులుతుందేమోనని చూసింది. పడుగు రంగు మారింది చూడు అని బాపు నవ్వించబోతే, "మారితే మారనియ్యి, నువ్వు తింటే సాలు," అంది. తొక్కుకు మామిడికాయలు కూడా తెచ్చింది. నేను కత్తిపీట మీద ముక్కలు కోస్తుంటే, ఆయనకు కారం తక్కువేసి వేరే జాడీలో పెడతానని, అది వానాకాలం దాకా వస్తుందని లెక్కలు వేసింది. నాకు గట్టిగా అరవాలనిపించింది. కాయలు కోస్తూనే ఉన్నాను.

శుక్రవారం అమ్మ కండెలు ఇచ్చిరావడానికి పోయినప్పుడు బాపు నన్ను పిలిచాడు.

"జర గంజి కాసియ్యి బిడ్డా. ఉప్పెయ్యకు. ఉప్పు తగిలితే నోరంత మండుతాంది."

గంజి కాసి చల్లారుస్తుండగా అమ్మ వచ్చింది. గిన్నెలోకి చూసింది.

"ఎవలకే ఆ గంజి?"

"బాపుకు."

"పత్తెం ఇడిసిన మనిషికి సప్పటి గంజి పోస్తానవా? నేను పొద్దందాక పొయ్యి కాడ సస్తాంటే, నువ్వు ఎనకనుంచి ఇదా చేసేది? నీ మూలంగనే ఆయిన నా కూర ముడతలేడు!"

ఆ చివరి మాట నేను పడలేకపోయాను.

"నీ కూర బాగలేక కాదమ్మా, ఆయినకు దిగుతలేదు. రోగం తగ్గి పత్తెం ఇడవలే. ఇగ ఏం పెట్టినా ఒకటే అని ఇడిసిండ్రు. ఎక్కువ దినాలు లేవన్నడు డాక్టరు. బాపుకు తెలుసు."

చెప్పడం తప్పని నేను అప్పుడనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆ మోత నా నెత్తిన పెట్టింది బాపు. నేను మోయగలిగినంత దూరం మోశాను.

అమ్మ చంకలోని నూలు గంప కింద పెట్టింది. పెట్టి, దాని మీద చెయ్యి ఆనించి కొంచెంసేపు అలాగే వంగి ఉంది. తర్వాత బాపు మంచం దగ్గరికి పోయింది. ఆమె శోకాలు పెడుతుందని భయపడి నేనూ వెనకే పోయాను.

"నాకు చెప్తే గంజే కాసిద్దును గదయ్యా," అంది. "దినాం నీ ముంగట కంచం పెట్టి, తిను తిను అని సతాయిస్తిని. కూసున్నవు. ఒక్కమాటన్నా అనకపోతివి."

"నువ్వు సతాయిస్తాంటే మంచిగనే ఉండె," అన్నాడు బాపు.

అమ్మ నా చేతిలోంచి గంజి గిన్నె తీసుకుని తనే తాగించింది. మధ్యలో ఒకసారి పైట చెంగుతో ఆయన గడ్డం తుడిచింది. ఆ సాయంత్రం ఉప్పు కుండ మళ్ళీ అటక ఎక్కింది. వండిన పుంటికూర పక్కింటికి పోయింది. అందరం గంజి తాగి పడుకున్నాం.

శనివారం మధ్యాహ్నం రైలుకు మా మేనమామ ఎర్రటి పుంజును తెచ్చాడు. పథ్యం విడిచిందని విని, ఊళ్ళో ఉన్నవాటిలో బలిసినదాన్ని పట్టుకొచ్చాడు. అమ్మ సంగతి చెప్పి, "తీస్కపో అన్నా. ఎవలు తినాలె దీన్ని?" అంది. మామ పుంజును గుమ్మంలో దించాడు. బాపు మాత్రం పుంజును తన మంచం కోడుకు కట్టెయ్యమన్నాడు. దాని తోక నిమిరి, "చూద్దాం, నువ్వు ముందో నేను ముందో," అన్నాడు. నేను ఇంట్లోకి వచ్చేశాను. ఆయన హాస్యాలు ఆ వారం నాకు సుతరామూ పడలేదు.

అమ్మతో ఆయన అంటున్న మాటలు ఇంట్లోంచే వినిపించాయి.

"రేపు దీన్ని కొయ్యుండ్రి. మంచిగ మసాలా నూరి వండు. నేను తినేది లేదు. మీరు నా ముంగట కూసోని తినాలె. నా పిల్లలు కడుపు నిండ తినంగ చూడక ఎన్నాళ్ళాయె. నా మూలంగ ఇల్లంత సప్పటి తిన్నది. గట్లనే నన్ను పంపుతవా?"

"మా గొంతుల ఎట్ల దిగుతదయ్యా?"

"దించుకోవాలె. నువ్వు కూడ. నువ్వు ఊకె వడ్డిస్తనంటే ఒప్పుకోను."

అమ్మ ఒప్పుకున్నట్టు చెప్పలేదు. ఆ రాత్రి ఒక్కపొద్దు విడవకుండానే పడుకుంది. పరమాన్నం మాట ఎవరూ ఎత్తలేదు. తెల్లారాక కూడా ఆమె ఏం చేస్తుందో తెలియలేదు. ఎండ ఇంట్లోకి వచ్చేవేళకు రోట్లో ధనియాలు, లవంగాలు నూరుతున్న చప్పుడు విన్నాను. మామ పుంజును కొయ్యడానికి ఇంటి వెనక్కి తీసుకుపోయాడు.

చాలా నెలల తర్వాత ఆదివారం పూట మా ఇంట్లో నూనె కాగింది, ఉల్లిగడ్డలు ఎర్రగా వేగాయి. మంచాన్ని లోపలికి తెచ్చి, బాపు వీపుకు దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. ఆయన ఊపిరి లోపలికి లాగి కళ్ళు మూసుకున్నాడు. మేమందరం మంచానికి ఎదురుగా వరసగా కూర్చున్నాం. అమ్మ అందరికీ వడ్డించి, తన కంచం పెట్టుకుని, ఆ వరసలోనే చివర కూర్చుంది. ఆమె మాతో కలిసి కూర్చుని తినడం నేను చూడటం అదే మొదలు.

నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కూరలో ఉప్పు లేదు.

కారం ఉంది, మసాలా ఉంది. ఉప్పు మాత్రం రవ్వంత లేదు. అన్ని నెలలు ఉప్పు లేకుండా వండిన చెయ్యి, పైగా ఆ మనసు ఎక్కడుందో. తమ్ముడు నా వంక చూశాడు. మామ తల దించుకుని నములుతున్నాడు. చెల్లె నోరు తెరవబోతే తొడ మీద గట్టిగా గిల్లాను.

"ఎట్లుంది?" అన్నాడు బాపు, మా ముఖాలన్నీ వెతుకుతూ.

"మస్తుంది బాపూ," అన్నాడు తమ్ముడు.

అప్పుడు అమ్మ తన ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆమె చెయ్యి కంచంలో ఆగిపోయింది. మమ్మల్ని వరసగా చూసింది. లేచి అటక మీది నుంచి ఉప్పు దించితే సరిపోయేది. కానీ లేస్తే ఆయనకు తెలుస్తుంది, ఆయన కోరి వండించుకున్న ఈ ఒక్క పూట కూడా మేం పథ్యమే తింటున్నామని. అమ్మ లేవలేదు.

"ఈసారి మంచిగ కుదిరింది," అంది. ఇంకో గరిట కూర వేసుకుంది.

మేం తిన్నాం. అడిగి వేయించుకుని తిన్నాం. నేను ఒక్కొక్క ముద్దనూ నీళ్ళతో దించాను. బాపు ఒక్కో కంచం వైపు చూస్తూ, ఆ బొక్క నమలమని ఒకరికి, చిన్నదానికి కార్జం ముక్క వెయ్యమని ఒకరికి చెబుతూ కూర్చున్నాడు. అమ్మ కంచంలో అన్నం అయిపోతే, "ఇంకింత పెట్టుకో," అన్నాడు. ఆమె పెట్టుకుంది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే కారం ఎక్కువైందా అని అడిగాడు. ఎక్కువైందంది. గిన్నె ఖాళీ అయ్యాకే ఆయన దిండు మీద వెనక్కి వాలాడు.

మరో ఆదివారం రాకముందే బాపు పోయాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. మామవాళ్ళు ఊరి నుంచి అన్నం వండుకొచ్చి పెట్టారు. పరామర్శకు వచ్చినవాళ్ళు మా వైపు ముందుగా అడిగేది ఆఖరి పూట గురించే. దూరపు వరసకు అమ్మకు మేనత్త అయ్యే ముసలామె ఆమె పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, అదే అడిగింది.

"ఆఖరికన్న ఇంత ఇష్టమైంది తిన్నడానే బిడ్డా?"

"తినలే అత్తా. మేం తినంగ చూసిండు," అంది అమ్మ.

ముసలామెకు అర్థం కాలేదు. "అయ్యో, ఆకలితోటి పోయిండా కొడుకు," అని రాగం అందుకుంది. అమ్మ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"అట్లనకు అత్తా. కడుపు నిండిందాయినకు," అంది. బాపు పోయాక ఆమె గొంతెత్తి ఏడవడం అప్పుడే.